మా గోరింట కంచెను మళ్ళీ నిలబెట్టిన తోటమాలుల సేవ: ఆరు నెలల అనుభవంతో ఒక సమీక్ష

అనంతపురంలో మా ఇంటి ముందు, వీధి పొడవునా 62 అడుగుల గోరింట కంచె ఉంది. ఇల్లు కట్టిన ఏడాదే మా అత్తగారు ఇంచుమించు అడుగుకొకటి చొప్పున నాటించిన మొక్కలవి. వాటికి ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి. గత వేసవి నాటికి ఆ కంచె పైన గొడుగులా గుబురుగా ఉండి, కింద నడుమెత్తు వరకు ఒక్క ఆకైనా లేని కట్టెపుల్లలుగా మిగిలింది. తొమ్మిది చోట్ల మొక్కలు పూర్తిగా చనిపోయి, వీధి కుక్కలు లోపలికి దూరేంత సందులు పడ్డాయి. దీన్ని పెరికివేసి గోడ కట్టించుకోమని బంధువులు చెప్పారు గాని, అత్తగారి చేతి మొక్కలను పెరికించడానికి నాకు మనసు ఒప్పలేదు. నగర శివారులోని ఒక చిన్న నర్సరీలో పనిచేసే ఇద్దరు తోటమాలుల చేత గత జులైలో దానిని బాగు చేయించాను. ఆనాటి నుంచి ఈ జనవరి వరకు వారు వచ్చిన ప్రతిసారీ దగ్గరుండి చూశాను కనుక, ఇటువంటి కంచె ఉన్నవారికి పనికివస్తుందని ఆ వివరాలన్నీ రాస్తున్నాను.

ముందుగా, కంచె ఎందుకు అలా పాడైందో చెప్పాలి, ఎందుకంటే వీరి పనితీరు విలువ అది తెలిస్తేనే అర్థమవుతుంది. అంతకుముందు మూడేళ్ళపాటు పెట్రోలు మిషనుతో కంచెలు కత్తిరించే మరొకరిని పిలిపించేదాన్ని. ఆయన గంటలో పని ముగించి, పైభాగాన్ని బల్ల పరచినట్టు చదును చేసి వెళ్ళిపోయేవాడు. ఆ రోజుకు చూడముచ్చటగానే ఉండేది. కానీ ప్రతిసారీ ఒకే ఎత్తులో కత్తిరించడం వల్ల ఆ ఎత్తులోనే కొత్త చిగుళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి, కింది కొమ్మలకు వెలుతురు అందకుండా కప్పేశాయి. వెలుతురు అందని కొమ్మ ఆకు రాలుస్తుంది, ఆకు లేని కొమ్మ కొన్నాళ్ళకు ఎండిపోతుంది. దానికి తోడు ఒక ఏప్రిల్‌లో, ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో, పడమటి వైపు కొమ్మలను లోతుగా కత్తిరించడంతో అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండకు బయటపడి పగిలిపోయింది. చనిపోయిన తొమ్మిదింటిలో ఆరు మొక్కలు ఆ పడమటి వైపువే.

ఈ నర్సరీకి నేను మొదట ఫోను చేసింది మే నెలలో. డబ్బు వచ్చే పనిని ఎవరైనా వెంటనే ఒప్పుకుంటారు, కానీ వారు ఒప్పుకోలేదు. "ఎండలో కోస్తే కట్టె మాడిపోతాదమ్మా, ఒక మంచి వాన పడనీయండి, మేమే వస్తాము" అని పెద్ద తోటమాలి చెప్పారు. ఆ మాటతోనే నాకు వారి మీద నమ్మకం కుదిరింది. మా జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. ముసలి కంచెను మొదలంటా కత్తిరించదలిస్తే ఆ వానల ఆరంభంలోనే కత్తిరించాలి, అప్పుడే కొత్త చిగుళ్ళకు నాలుగు నెలల తేమ దొరుకుతుంది.

జూన్ చివరలో ఆయన ఒక్కరే వచ్చి, కత్తెర బయటికి తీయకుండా గంటన్నరసేపు కంచెను పరిశీలించారు. ప్రతి మొక్క దగ్గర కూర్చుని, నేలకు జానెడు ఎత్తున బొటనవేలి గోటితో బెరడును కొద్దిగా గీకి చూశారు. గీకిన చోట పచ్చగా, తడిగా కనిపిస్తే ఆ మొక్క బతికున్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ చచ్చినట్టు. లేత పసుపు కలిసిన పచ్చదనం ఉంటే బలహీనంగా ఉన్నట్టు. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టి నాలుగైదు మొక్కలు గీకించారు. మొత్తం 64 మొక్కల్లో 41 బలంగా ఉన్నాయని, 14 బలహీనంగా ఉన్నాయని, 9 చనిపోయాయని లెక్క తేల్చి, మూడు రకాలకూ మూడు రంగుల గుడ్డపీలికలు కట్టి వెళ్ళారు. మిగతా పనంతా ఆ లెక్క మీదనే నడిచింది.

ఆయన నా ముందు రెండు దారులు పెట్టారు. మొదటిది, ప్రతి మొక్కలోనూ ముదురు కొమ్మల్లో మూడో వంతును మాత్రమే ఏడాదికొకసారి మొదలుకంటా తీసివేస్తూ మూడేళ్ళలో కంచె మొత్తాన్ని కొత్త కొమ్మలతో నింపడం. రెండవది, బలమైన మొక్కలన్నింటినీ ఒక్కసారే అడుగు ఎత్తుకు కోసివేయడం. మొదటి దారిలో ఇంటికి చాటు పోదు కానీ మూడేళ్ళు ఓపిక పట్టాలి. రెండవ దారిలో రెండు మూడు నెలలు ఇల్లు వీధికి బయటపడినట్టు ఉంటుంది కానీ కింది నుంచి గుబురు వస్తుంది. గోరింట ముదురు కట్టె నుంచి కూడా తేలిగ్గా చిగురించే జాతి కాబట్టి నేను రెండవదే ఎంచుకున్నాను. చాటు కోసం వెదురు బొంగులకు పచ్చని షేడ్‌నెట్ కట్టి ఇస్తామన్నారు, అన్నట్టే కట్టారు. బలహీనమైన 14 మొక్కలను మాత్రం అడుగుకు కోయనన్నారు. వేర్లలో నిల్వ బలం లేని మొక్కను మొదలంటా కోస్తే మళ్ళీ లేవదని, ముందు వాటికి ఒక ఏడాది తిండి పెట్టి ఆ తరువాతే కోయాలని వారి లెక్క. నా దృష్టిలో ఈ సేవలో అన్నింటికంటే మెచ్చుకోదగిన నిర్ణయం అదే.

కోత జులై మొదటి వారంలో జరిగింది. అది ఆషాఢమాసం కావడంతో కొమ్మలు నేల మీద పడుతుండగానే వీధిలోని ఆడవాళ్ళు, పిల్లలు గోనెసంచులు పట్టుకుని వచ్చారు. పాత కొమ్మల ముదురాకు అంత ఎర్రగా పండదని చెబుతున్నా వినకుండా, మధ్యాహ్నానికి ఆకు మొత్తం దూసుకుపోయారు. ఆ సాయంత్రం మా వీధిలో గోరింటాకు రుబ్బని ఇల్లు లేదు.

పనిముట్ల విషయంలో వీరి శ్రద్ధ గమనించదగినది. బొటనవేలి కంటే సన్నని కొమ్మలకు సికేటర్ అనే చేతి కత్తెర, అంతకంటే లావైన వాటికి పొడవాటి పిడుల లాపర్, మణికట్టు లావు మోళ్ళకు మడత రంపం వాడారు. పెట్రోలు మిషనును ఆ రోజు వాహనంలో నుంచి దింపనేలేదు. ముదురు కొమ్మ మీద మిషను పళ్ళు ఆడితే కొమ్మ తెగడానికి బదులు నలిగి చీలుతుంది, ఆ చీలికలో నీరు నిలిచి కుళ్ళు పడుతుంది. ప్రతి కోతను కణుపుకు పావు అంగుళం పైన, వాననీరు జారిపోయేలా ఏటవాలుగా పెట్టారు. ఒక మొక్క ముగించి మరో మొక్కకు వెళ్ళేటప్పుడు కత్తెరను స్పిరిట్ గుడ్డతో తుడిచారు. లావైన మోళ్ళకు మాత్రం కుళ్ళు పట్టకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ళ మందును నీళ్ళలో చిక్కగా కలిపి పూత పూశారు. ఎదిగే కొన నుంచి ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగుతూ కింది మొగ్గలను నిద్రపుచ్చి ఉంచుతుంది. కొనను తీసివేస్తే ఆ అదుపు పోయి, ఏళ్ళ తరబడి బెరడు కింద దాగిన మొగ్గలు లేస్తాయి. పెద్ద తోటమాలి దానిని "పైన పెత్తనం పోతేనే కిందోళ్ళు లేస్తారమ్మా" అని తన మాటల్లో చెప్పారు. ఆ ఒక్క వాక్యంతో నాకు సంగతి మొత్తం అర్థమైంది.

మరునాడంతా నేలకే కేటాయించారు. మాది ఎర్రనేల, ఏళ్ళ తరబడి పైపుతో రోజూ కొద్దికొద్దిగా నీళ్ళు చల్లడం వల్ల పైన అట్ట కట్టి, బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకుంది. ఆ అట్టను చేతి గుద్దలితో మొక్కల వేర్లు తెగకుండా పైపైన పగలగొట్టి, మొక్కల వరుసకు అడుగు దూరంలో రెండు వైపులా జానెడు లోతు కాలువ తీశారు. అందులో మొక్కకొక తట్టెడు మాగిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి వేసి మట్టి కప్పారు. మిద్దె మీది వాననీటి గొట్టాన్ని ఆ కాలువలోకి మళ్ళించమన్న సలహా కూడా వారిదే, దానికి వేరే డబ్బు తీసుకోలేదు. బోరు నీటి ఉప్పును కడగడానికి వాననీటిని మించినది లేదు. ఇకపై రోజూ చల్లకుండా, వాన లేని వారంలో రెండుసార్లు మాత్రమే నేల లోతుగా తడిసేలా పెట్టమని చెప్పారు. ఆకు లేని మొక్క నీరు తక్కువ తాగుతుందని, కోసిన వెంటనే జాలిపడి ఎక్కువ నీళ్ళు పెట్టేవారే మొక్కల్ని కుళ్ళబెట్టుకుంటారని హెచ్చరించారు. నేను సరిగ్గా అదే చేయబోతున్న మనిషిని.

పన్నెండో రోజు ఉదయం మొదటి చిగురు కనిపించింది. నూకగింజంత లేత పచ్చని మొగ్గ, గరుకైన బెరడును చీల్చుకుని, నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో, ఎన్నో ఏళ్ళుగా ఆకన్నది లేని చోట వచ్చింది. మరో వారానికి ఒక్కో మోడుకు అయిదారు చిగుళ్ళు లేచాయి. నెల తిరిగేసరికి కొన్ని జానెడు దాటి నిటారుగా పోసాగాయి.

ఈ సేవ అసలు విలువ నాకు తెలిసింది అప్పుడే. కోసిన తరువాత కూడా వారు తిరిగి వచ్చారు. ముసలి కంచెను మొదలంటా కోయడం కత్తి ఉన్న ఎవరైనా చేయగలరు. కానీ వచ్చిన చిగుళ్ళను అలాగే వదిలేస్తే అవి నిటారుగా ఎగబాకి, ఏడాదిలో మళ్ళీ అదే గొడుగు తయారవుతుంది. ఆగస్టులో వచ్చి జానెడు దాటిన ప్రతి చిగురునూ మూడో వంతు తుంచారు. తుంచిన చోట రెండు మూడు పక్క కొమ్మలు వచ్చాయి. సెప్టెంబరులో అవి జానెడు కాగానే మళ్ళీ తుంచారు. దసరా తరువాత మూడోసారి వచ్చినప్పుడు రెండు వైపులా కర్రలు పాతి దారం కట్టి, అడుగున రెండున్నర అడుగుల వెడల్పు, పైన ఒకటిన్నర అడుగు ఉండేలా వాలుగా కత్తిరించారు. కింద వెడల్పు, పైన సన్నం అన్న ఈ ఆకారంలోనే కింది ఆకుకు ఎండ తగులుతుంది. మా పాత కంచె దీనికి సరిగ్గా తలకిందులు. మీ ఇంట్లో కంచె కింద బోడిగా ఉంటే, వెంటనే వీధిలోకి వెళ్ళి దాని పక్కభాగాన్ని చూడండి. నూటికి తొంభైపాళ్ళు పైన వెడల్పుగా, కింద లోపలికి కుదించుకుపోయి కనిపిస్తుంది.

ఆగస్టు చివరలో ఒక ఇబ్బంది ఎదురైంది. కొత్త ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మధ్యభాగం పసుపు పచ్చగా మారింది. యూరియా వేయమని పొరుగువారు చెప్పారు. నత్రజని తక్కువైతే ముందు పాత ఆకు పసుపుబారుతుంది. ఇక్కడ పసుపుబారినది లేత ఆకు, అదీ ఈనెలు పచ్చగా ఉండగానే, కాబట్టి ఇది ఇనుము లోపమని తోటమాలి ఫోటో చూసే చెప్పారు. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో, ఉప్పు నీటి కింద మా ప్రాంతపు వేరుశనగ చేలల్లో రైతులు ఏటా చూసే లక్షణమే ఇది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయించారు. రెండో పిచికారీ తరువాత వచ్చిన ఆకు పచ్చగానే వచ్చింది. అనవసరంగా యూరియా వేసి ఉంటే చిగురు మెత్తగా సాగి పురుగును పిలిచేది.

లోపాలు కూడా ఉన్నాయి, వాటిని దాచితే ఈ సమీక్షకు అర్థం ఉండదు. మొదటిది, నేల తేమ నిలవడానికి వేరుశనగ పొట్టును కప్పారు. మా జిల్లాలో చవకగా దొరికే మంచి కప్పు అదే, ఆలోచన సరైనదే. కానీ కుర్రవాడైన రెండో తోటమాలి దానిని మోళ్ళ మొదళ్ళను ఆనించి గుట్టగా పోశాడు. సెప్టెంబరు వానలకు రెండు మొక్కల మొదట్లో తెల్లని దూది పోగుల్లాంటి బూజు వచ్చి, దాని మీద ఆవగింజలంత గోధుమ రంగు ఉండలు కనిపించాయి. వేరుశనగకు వచ్చే కాండం కుళ్ళు తెగులు సరిగ్గా అలాగే ఉంటుంది, పొట్టుతో పాటు అది రావడానికి అవకాశం ఉంది. ఆ రెండు మొక్కలూ పోయాయి. తప్పు తమదేనని ఒప్పుకుని, పొట్టును మొదళ్ళకు అరడుగు దూరం జరిపి, ఆ రెండు చోట్ల మట్టిని తీసివేసి పారబోశారు. పొట్టు వాడేవారు ఎవరైనా సరే దానిని మొదలుకు తగలనీయవద్దు, మట్టిలో కలపవద్దు. కలిపితే అది కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని తాను లాక్కుంటుంది. చెదలు కూడా చూసుకుంటూ ఉండాలి.

రెండవది సందులు పూరించే పని. చనిపోయిన తొమ్మిది చోట్లా చిన్న కవర్లలోని మొక్కలను చేతి వెడల్పు గుంతల్లో నాటారు. రెండు పక్కలా పాతికేళ్ళ వేర్లు అల్లుకుని ఉన్న నేలలో అంత చిన్న మొక్క ఎలా నిలుస్తుంది? దీపావళికల్లా నాలుగు ఎండిపోయాయి. నేను పట్టుబట్టిన మీదట నవంబరులో మళ్ళీ వచ్చి, ఒకటిన్నర అడుగుల గుంత తీసి, అడ్డం వచ్చిన పాత వేర్లను కోసి, కొత్త మట్టి, ఎరువు నింపి, ఏడాది వయసున్న మూడడుగుల మొక్కలను నాటారు. ఇప్పుడు అవి నిలదొక్కుకున్నాయి. ఇది మొదటే చేయవలసిన పని. మొక్కల ధరలో కొద్దిపాటి తేడా కోసం నాలుగు నెలలు పోగొట్టారు.

చెప్పిన రోజుకు రాకపోవడం మరో లోటు. నాలుగుసార్లలో రెండుసార్లు మూడు నాలుగు రోజులు ఆలస్యమైంది. ఆకు దూసిన తరువాత మిగిలిన పుల్లలను తీసుకువెళ్ళడం కూడా వారి పనిలో లేదు. దానికి నేనే ఆటో మాట్లాడుకోవలసి వచ్చింది. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఖర్చు విషయానికి వస్తే, మొదటి రెండు రోజుల పనికి 3,600 రూపాయలు, తరువాతి నాలుగు రాకలకు 600 చొప్పున 2,400, ఎరువు, వేపపిండి, పొట్టు, షేడ్‌నెట్ అద్దె కలిపి 1,500, మొత్తం 7,500 రూపాయలు అయింది. మిషనుతో గంటలో కత్తిరించి వెళ్ళే మనిషికి ఒక్కసారికి నేనిచ్చింది 700 మాత్రమే, కాబట్టి మొదట వినగానే ఎక్కువ అనిపించవచ్చు. 62 అడుగుల గోడకు మేస్త్రీ చెప్పిన లెక్కతో పోలిస్తే ఇది ఎంతో తక్కువ. పైగా ఈ ఖర్చులో దాదాపు మూడో వంతు, కోత తరువాత వారు మళ్ళీ మళ్ళీ వచ్చి చూసినందుకే, నా కంచె నిలిచింది కూడా ఆ రాకల వల్లనే. ఎవరినైనా ఈ పనికి పిలిచేటప్పుడు కోతకు ఎంత అని అడగడంతో ఆగవద్దు. కోసిన తరువాత ఎన్నిసార్లు వస్తారు, ఎప్పుడు వస్తారు అన్నది ముందే మాట్లాడుకోండి.

ఇది అందరి కంచెకూ సరిపోయే సేవ కాదు. ఆరోగ్యంగా, కింది వరకు ఆకుతో ఉన్న కంచెను ఏటా సవరించడానికి మామూలు కత్తెర మనిషి చాలు. గోరింటతో పాటు డ్యురాంటా, మందార, కాగితంపూల వంటివి మొదలంటా కోసినా చిగురిస్తాయి కాబట్టి వాటికి ఈ పద్ధతి పనికివస్తుంది. మోర్‌పంఖి (థూజా) మొక్కలతో కంచె వేసుకున్నవారు మాత్రం ఈ పద్ధతిని దగ్గరకు రానీయవద్దు; ఆకు లేని ముదురు కట్టె దాకా కోస్తే అది మళ్ళీ చిగురించదు. మా పొరుగు వీధిలో ఒకరు మా కంచెను చూసి ఇదే తోటమాలులను పిలిస్తే, అక్కడ ఉన్నవి మోర్‌పంఖి మొక్కలని చూసి వారు కోత పెట్టకుండా వెనక్కి వచ్చేశారట. ఆ సంగతి విన్నాక వారి మీద నాకు గౌరవం మరింత పెరిగింది.

ఈ జనవరిలో కంచె మూడున్నర అడుగుల ఎత్తుంది. వంగి చూస్తే నేలకు బెత్తెడు ఎత్తు నుంచే ఆకు కనిపిస్తోంది, షేడ్‌నెట్ తీసివేసి రెండు నెలలు దాటింది. కుక్కలు దూరే సందుల్లో ఒకటి మాత్రం, గేటు పక్కన, ఇంకా పూడలేదు. బలహీనమైన 14 మొక్కల్లో మూడు పెద్దగా కోలుకోలేదు. మిగిలిన 11 ఈ సారి గోటితో గీకినప్పుడు పచ్చగా తడిగా కనిపించాయి. రాబోయే ఆషాఢంలో వాటిని కోయడానికి తోటమాలులకు 500 రూపాయలు బయానా ఇచ్చాను. ఆకు కోసం ఎప్పుడు రమ్మంటారని వీధిలోని ఆడపిల్లలు ఇప్పటి నుంచే అడుగుతున్నారు.